మనుషులను అంగారకుడికి చేర్చే అణు ఇంజిన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అణు ఇంజిన్ అనగానే మాటలన్నీ యురేనియం చుట్టూనే తిరుగుతాయి. ఈ ఇంజిన్ కట్టేవాళ్లకు కునుకు పట్టనివ్వనివి మాత్రం వేడి, హైడ్రోజన్. కింది జవాబుల్లో చాలా వరకు ఆ రెండింటి దగ్గరికే వచ్చి ఆగుతాయి. లెక్కలు వేసిన చోట ఎవరైనా కాగితం మీద సరిచూసుకునేలా గుండ్రటి అంకెలు తీసుకున్నాం.

ఈ రాకెట్ అణుబాంబులు పేల్చుకుంటూ పోతుందా?

పోదు. బాంబులు పేల్చి నౌకను ముందుకు నెట్టే ఆలోచన 1950ల చివర్లో అమెరికాలో ఒరాయన్ పేరుతో నడిచింది. వాతావరణంలోనూ అంతరిక్షంలోనూ అణు పేలుళ్లను నిషేధిస్తూ 1963లో ఒప్పందం కుదిరాక దానికి దారి మూసుకుపోయింది. ఇప్పుడు అణు చోదనం అంటే రెండు పద్ధతులు. అణు ఉష్ణ చోదనంలో రియాక్టర్ వేడి నేరుగా హైడ్రోజన్‌ను కాచి నాజిల్ గుండా బయటికి తోస్తుంది. అణు విద్యుత్ చోదనంలో రియాక్టర్ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో విద్యుదావేశమున్న కణాలను విసిరే అయాన్ థ్రస్టర్లు నడుస్తాయి. విడిగా చెప్పని చోటల్లా మేం మాట్లాడేది మొదటి పద్ధతి గురించే.

మామూలు రాకెట్ కన్నా రెట్టింపు సామర్థ్యం అంటారు. అది ఎక్కణ్నుంచి వస్తుంది? అణు రియాక్టర్ అంత ఎక్కువ వేడెక్కుతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. అణు ఇంజిన్ రసాయన ఇంజిన్ కన్నా చల్లగానే నడుస్తుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ మండే ఇంజిన్ లోపల వేడి 3,500 కెల్విన్ దాకా ఉంటుంది. అణు ఇంజిన్‌లో 2,700 కెల్విన్ దాటించడమే గగనం, ఎందుకంటే ఇక్కడ గ్యాస్ కన్నా ముందు ఇంధన కడ్డీలు వేడెక్కాలి, అవి కరగకూడదు, పగలకూడదు.

లాభం వచ్చేది అణువు బరువు నుంచి. నాజిల్ నుంచి గ్యాస్ ఎంత వేగంగా పోతుందనేది ఉష్ణోగ్రతను అణుభారంతో భాగించి, దాని వర్గమూలం తీస్తే వచ్చే విలువను అనుసరిస్తుంది. రసాయన ఇంజిన్ నుంచి బయటికొచ్చేది ప్రధానంగా నీటి ఆవిరి, అణుభారం 18. అణు ఇంజిన్‌కు మంట అవసరం లేదు కాబట్టి ఆక్సిజన్ అక్కర్లేదు, ఒట్టి హైడ్రోజన్‌నే పంపొచ్చు, అణుభారం 2. అందుకే మేలైన రసాయన ఇంజిన్ల స్పెసిఫిక్ ఇంపల్స్ (విసిరే పదార్థాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) 450 నుంచి 465 సెకన్ల దగ్గర ఆగిపోతే, అణు ఉష్ణ ఇంజిన్‌కు 850 నుంచి 900 సెకన్ల దాకా వస్తుంది.

దానివల్ల నౌకలో ఎంత బరువు తగ్గుతుంది?

భూకక్ష్యలో ప్రొపెల్లెంట్ (వెనక్కి విసిరే పదార్థం) కాకుండా 100 టన్నుల నౌక ఉంది, దాని వేగాన్ని సెకనుకు 4 కిలోమీటర్లు పెంచాలి అనుకుందాం. అంగారకుడి దారి పట్టడానికి దాదాపు అంత కావాలి. 450 సెకన్ల ఇంజిన్‌తో 148 టన్నుల ప్రొపెల్లెంట్ కావాలి. 900 సెకన్ల ఇంజిన్‌తో 57 టన్నులు చాలు. ఒక్క తోపులోనే 90 టన్నుల తేడా. ఆగడానికీ తిరిగి రావడానికీ కావలసిన ప్రొపెల్లెంట్‌ను కూడా ఈ మొదటి తోపే మోసుకెళ్లాలి కాబట్టి అసలు యాత్రలో తేడా ఇంకా పెరుగుతుంది. నాసా 2009లో ప్రకటించిన అంగారక యాత్ర నమూనా ప్రణాళికలో భూకక్ష్యకు చేర్చాల్సిన మొత్తం బరువు అణు ఇంజిన్లతో సుమారు 850 టన్నులు, రసాయన ఇంజిన్లతో సుమారు 1,250 టన్నులు.

అయితే నౌక చిన్నదవుతుందన్నమాట?

బరువు తగ్గుతుంది కానీ నౌక పెద్దదవుతుంది. ద్రవ హైడ్రోజన్ ఘనపు మీటరుకు 71 కిలోలే తూగుతుంది, నీటిలో పద్నాలుగో వంతు. పై లెక్కలోని 57 టన్నుల హైడ్రోజన్‌కు 800 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. అంటే 7 మీటర్ల వ్యాసంతో 21 మీటర్ల పొడవు. రసాయన ఇంజిన్ అడిగే 148 టన్నుల్లో ఎక్కువ భాగం బరువైన ఆక్సిజన్ కావడంతో దానికి 400 ఘనపు మీటర్లు దాటితే చాలు. బరువు దాదాపు ఐదింట రెండు వంతులకు దిగుతుంటే ట్యాంకు మాత్రం రెట్టింపవుతోంది.

కాగితం మీది లాభంలో కొంత ఇక్కడే కరిగిపోతుంది. పెద్ద ట్యాంకుకు లోహం ఎక్కువ, ఇన్సులేషన్ ఎక్కువ, ఎండ తగిలే ఉపరితలమూ ఎక్కువ. పైగా ప్రయోగ రాకెట్ ముక్కులో పట్టే వ్యాసం ఇంతేనని ముందే తేలిపోయి ఉంటుంది. ట్యాంకు బరువు చెప్పకుండా 900 సెకన్ల అంకె ఒక్కటే చూపించే పోలికలను నమ్మొద్దు.

ఇంజిన్ లోపల ఏమేం ఉంటాయి?

111 కిలోన్యూటన్ల థ్రస్ట్ (తోసే బలం) ఇచ్చే ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 2009 ప్రణాళికలో ఇలాంటివి మూడు కలిపి వాడాలనుకున్నారు. ఒక్కో ఇంజిన్ సెకనుకు 12.6 కిలోల హైడ్రోజన్ తాగుతుంది, 500 మెగావాట్లకు కాస్త పైన ఉష్ణశక్తి పుట్టిస్తుంది. ఒక మోస్తరు పట్టణ విద్యుత్కేంద్రమంత శక్తి ఇది. దాన్ని పుట్టించే రియాక్టర్ ఓ గదిలో పట్టేస్తుంది.

ట్యాంకు నుంచి 20 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 253 డిగ్రీల వద్ద వచ్చే హైడ్రోజన్‌ను టర్బోపంప్ ఒత్తిడి పెంచి పంపుతుంది. అది నేరుగా రియాక్టర్‌లోకి వెళ్లదు. ముందు నాజిల్ గోడల్లోని సన్నటి గొట్టాల గుండా, తర్వాత న్యూట్రాన్లను వెనక్కి మళ్లించే బెరీలియం రిఫ్లెక్టర్ గుండా పోయి వాటిని చల్లబరుస్తుంది. ఆ క్రమంలో తాను వేడెక్కి టర్బైన్‌ను తిప్పుతుంది, ఆ టర్బైనే పంపును నడుపుతుంది. అప్పుడు గర్భంలోకి, అంటే ఇంధన కడ్డీలు ఉండే నడిమి భాగంలోకి దిగి ఇంధన కడ్డీల్లోని రంధ్రాల గుండా పారుతూ 2,700 కెల్విన్‌కు చేరి నాజిల్ నుంచి దూసుకుపోతుంది.

రియాక్టర్ చుట్టూ రిఫ్లెక్టర్‌లో కంట్రోల్ డ్రమ్ములు ఉంటాయి. 1960ల నాటి అమెరికా అణు ఇంజిన్ కార్యక్రమం నెర్వాలోని ఇంజిన్‌కు ఇవి 12. ఒక్కో డ్రమ్ము బెరీలియం స్తంభం, దాని ఒక పక్క మాత్రం న్యూట్రాన్లను మింగే బోరాన్ పలక. పలక గర్భం వైపు తిరిగి ఉంటే రియాక్టర్ ఆగి ఉంటుంది. డ్రమ్మును తిప్పి బెరీలియాన్ని గర్భం వైపు తెస్తే న్యూట్రాన్లు వెనక్కి మళ్లి చర్య ఊపందుకుంటుంది. గర్భం లోపలికి కడ్డీలు దింపే విద్యుత్కేంద్రం పద్ధతి ఇక్కడ పనికిరాదు, అంత వేడిలో కదిలే భాగం నిలవదు.

స్టార్ట్ చేయడం ఎలా?

వరుస ఇలా ఉంటుంది. ముందు ట్యాంకులో ఒత్తిడి సరిచేస్తారు. తర్వాత కొద్దిగా హైడ్రోజన్ వదిలి గొట్టాలను, పంపును చల్లబరుస్తారు. పంపు వేడిగా ఉంటే ద్రవం అక్కడే ఆవిరైపోయి, పంపు ఖాళీగా గిర్రున తిరిగి పాడవుతుంది. ఆపైన డ్రమ్ములను మెల్లగా తిప్పి రియాక్టర్‌ను క్రిటికల్ స్థితికి, అంటే గొలుసు చర్య దానంతటదే సాగే స్థితికి తెస్తారు. అప్పుడు హైడ్రోజన్ ప్రవాహాన్నీ డ్రమ్ముల కోణాన్నీ కలిపి పెంచుతూ, నిమిషం అటూఇటుగా పూర్తి శక్తికి చేరుస్తారు.

ఇందులో మెలకువ ఒకటుంది. హైడ్రోజన్ కేవలం చల్లబరిచే గ్యాస్ కాదు, న్యూట్రాన్లను నెమ్మదింపజేసి చర్యను పెంచే పదార్థం కూడా. చల్లని, చిక్కని హైడ్రోజన్ గర్భంలోకి దిగగానే డ్రమ్ములు కదపకపోయినా శక్తి పెరుగుతుంది. వాల్వు తిప్పడమంటే రియాక్టర్‌ను ముట్టుకోవడమే. అందుకే ప్రవాహానికి ఒక కంట్రోలర్, డ్రమ్ములకు ఇంకొకటి విడివిడిగా పెట్టి వదిలేస్తే కుదరదు, రెండూ ఒకే లెక్క మీద నడవాలి. శక్తి ముందు పరుగెత్తి ప్రవాహం వెనకబడితే కొన్ని సెకన్లలోనే కడ్డీలు కాలిపోతాయి. ప్రవాహం ముందు పరుగెత్తితే వేడి చాలక టర్బైన్ నెమ్మదిస్తుంది, థ్రస్ట్ కూలబడుతుంది.

స్విచ్ ఆపితే ఆగిపోతుందా?

చర్య ఆగుతుంది, వేడి ఆగదు. చీలిన యురేనియం ముక్కలు రేడియోధార్మికంగా క్షీణిస్తూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. 500 మెగావాట్ల ఇంజిన్‌ను అరగంట నడిపి ఆపితే, ఆపిన మరుక్షణం ఇంకా 25 మెగావాట్ల వరకు వేడి వస్తుంటుంది. పది సెకన్లకు 12 మెగావాట్ల చుట్టూ ఉంటుంది. గంట గడిచాక కూడా అర మెగావాటు. అంతరిక్షంలో ఆ వేడిని తీసుకుపోయే గాలి లేదు, నీళ్లు లేవు. కాబట్టి ఇంజిన్ ఆపాక కూడా గంటల తరబడి, మొదట ఆపకుండా, తర్వాత విడతలు విడతలుగా హైడ్రోజన్ పారించాలి. ఈ చల్లార్పు హైడ్రోజన్ మొత్తంలో కొన్ని శాతం తినేస్తుంది. అది కొద్దిపాటి థ్రస్ట్ కూడా ఇస్తుంది కాబట్టి నావిగేషన్ లెక్కలో దాన్ని కలపకపోతే నౌక దారి తప్పుతుంది.

మళ్లీ స్టార్ట్ చేసే వేళ కూడా చూసుకోవాలి. విచ్ఛిత్తిలో పుట్టే అయోడిన్-135, 6.6 గంటల అర్ధాయువుతో జినాన్-135గా మారుతుంది. న్యూట్రాన్లను మింగడంలో జినాన్-135ను మించినది లేదు. ఇంజిన్ ఆగిన కొన్ని గంటల పాటు అది పోగవుతూ ఉంటుంది, తర్వాత 9 గంటల అర్ధాయువుతో తరుగుతుంది. ఆ మధ్యలో స్టార్ట్ చేయాల్సి వస్తే డ్రమ్ములను ఎక్కువ తిప్పాలి, ఆ తిప్పుకు చోటు డిజైన్‌లోనే వదిలిపెట్టాలి. మనుషులున్న నౌకకు అత్యవసరం ఏ గంటలో వస్తుందో చెప్పలేం కాబట్టి ఇది రాజీ పడదగ్గ విషయం కాదు.

యాత్రలో యురేనియం అయిపోతే?

అవదు. మూడు ఇంజిన్లు కలిసి పై ఉదాహరణలోని 57 టన్నుల హైడ్రోజన్‌ను 25 నిమిషాల్లో ఖాళీ చేస్తాయి. అప్పటికి ఖర్చయ్యే యురేనియం-235 మూడింటిలో కలిపి 30 గ్రాములు! గర్భంలో కిలోల కొద్దీ ఉండాల్సింది శక్తి కోసం కాదు, గొలుసు చర్య నిలబడటానికి కావలసినంత ఇంధనం ఒకచోట ఉండాలి కాబట్టి. ఇంజిన్ ఆయుష్షును తేల్చేది కడ్డీలు ఎన్ని వేడి చల్లార్పులను తట్టుకుంటాయన్నదే.

ఇలాంటివి నిజంగా ఎప్పుడైనా నడిచాయా? ఏం పాడయ్యాయి?

నడిచాయి. అమెరికాలో రోవర్, నెర్వా కార్యక్రమాలు 1955 నుంచి 1973 ఆరంభం దాకా సాగాయి. నెవాడా ఎడారిలోని జాకాస్ ఫ్లాట్స్ దగ్గర 20 దాకా రియాక్టర్లను నేల మీద నడిపి చూశారు. ఏదీ అంతరిక్షంలోకి వెళ్లలేదు. 1967 డిసెంబరులో ఎన్‌ఆర్‌ఎక్స్-ఎ6 రియాక్టర్ 1,100 మెగావాట్ల దగ్గర 62 నిమిషాలు ఆగకుండా నడిచింది. 1968లో ఫీబస్-2ఎ 4,000 మెగావాట్లు దాటింది. 1969లో ఎక్స్‌ఈ ఇంజిన్‌ను 28 సార్లు స్టార్ట్ చేశారు. సోవియట్ యూనియన్ సెమిపలాటిన్‌స్క్ దగ్గర తన సొంత డిజైన్‌ను, మెలితిప్పిన కార్బైడ్ కడ్డీలతో పరీక్షించింది. వాళ్ల ఆర్‌డి-0410 ఇంజిన్ థ్రస్ట్ 35 కిలోన్యూటన్ల దగ్గర ఉండేది.

పాడైనవాటిని చూస్తేనే ఎక్కువ నేర్చుకోగలం. 1962 నవంబరులో కివి-బి4ఎ రియాక్టర్ నడుస్తుండగా నాజిల్ నుంచి నిప్పురవ్వల్లా మెరుపులు వచ్చాయి. అవి విరిగి ఎగిరిపడుతున్న ఇంధన కడ్డీల ముక్కలు. తర్వాత యురేనియం లేని గర్భంలోకి చల్లటి గ్యాస్ పంపి చూస్తే కారణం దొరికింది. తప్పు అణు చర్యది కాదు. కడ్డీల మధ్య సందుల్లోంచి పారే గ్యాస్ వాటిని కంపింపజేసి ఒకదానికొకటి కొట్టుకునేలా చేసింది. కడ్డీలను పక్కల నుంచి బిగించి పట్టే ఏర్పాటు మార్చాక 1964 నాటి పరీక్షల్లో ఆ బెడద పోయింది.

1965 జూన్‌లో ఫీబస్-1ఎ ఇంకోలా చెడింది. ట్యాంకులో ఎంత హైడ్రోజన్ ఉందో చెప్పే గేజ్ రేడియేషన్ దెబ్బకు తప్పు చూపించింది. రియాక్టర్ నడుస్తుండగానే హైడ్రోజన్ అయిపోయి గర్భం కాలిపోయింది. ఇవాళ డిజైన్ చేసేవాళ్లు గోడకు అంటించుకోవాల్సిన సంఘటన ఇది. రియాక్టర్ చెప్పినట్టే నడిచింది, దాన్ని చంపింది ఒక గేజ్.

మూడోది నెమ్మదిగా తినేసే జబ్బు. ఆనాటి కడ్డీలు గ్రాఫైట్‌వి. వేడి హైడ్రోజన్ గ్రాఫైట్‌ను తినేసి మీథేన్ లాంటి వాయువులుగా మార్చేస్తుంది. అందుకే రంధ్రాల లోపల నయోబియం కార్బైడ్, తర్వాత జిర్కోనియం కార్బైడ్ పూత వేశారు. వేడికి పూత ఒకలా, గ్రాఫైట్ ఇంకోలా వ్యాకోచించడంతో పూతలో సన్నటి పగుళ్లు వచ్చేవి, హైడ్రోజన్ వాటిలోంచి దూరి లోపల్నుంచి కొరికేది. వింత ఏమిటంటే, అన్నిటికన్నా వేడిగా ఉండే చివర కన్నా కడ్డీ మధ్య భాగంలోనే ఈ నష్టం ఎక్కువ. కొత్త ఇంధనాల మీద జరుగుతున్న పనిలో చాలా భాగం ఈ ఒక్క సమస్య కోసమే.

హైడ్రోజన్‌ను నెలల తరబడి నిల్వ చేయగలమా?

మా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో కష్టమైన భాగం ఇదే, రియాక్టర్ కన్నా కూడా. ట్యాంకులోకి 100 వాట్ల వేడి, పాతకాలపు బల్బు ఒక్కదాని వేడి చొరబడితే చాలు, రోజుకు 19 కిలోల హైడ్రోజన్ ఆవిరైపోతుంది. ఏడాదికి 7 టన్నులు. తిరుగు ప్రయాణానికి దాచిన హైడ్రోజన్ రెండేళ్లకు పైగా ఆగాలి.

పదుల పొరల ఇన్సులేషన్, ఎండకు అడ్డు తెర, ట్యాంకును నౌకకు కలిపే స్తంభాల్లో వేడి తక్కువ ప్రసరించే పదార్థాలు, ఇవన్నీ వాడినా కొంత వేడి దూరుతూనే ఉంటుంది. మిగిలింది అతి చల్లదనాన్ని నిలిపే యంత్రం క్రయోకూలర్‌తో తోడేయాలి. 20 కెల్విన్ దగ్గర ఒక్క వాటు తోడటానికి లోపం లేని ఆదర్శ యంత్రానికే 14 వాట్ల కరెంటు కావాలి. నిజం యంత్రాలకు వంద వాట్ల దాకా పడుతుంది. అంటే ఆ 100 వాట్లు తోడటానికి 10 కిలోవాట్ల కరెంటు, దానికి సౌర ఫలకాలు, వేడి పారబోసే రేడియేటర్లు. వాల్వులు, సీళ్ల సంగతి వేరే. హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, చిన్న లోపం దొరికితే చాలు జారిపోతుంది.

వ్యోమగాములకు ఇంజిన్ నుంచి రేడియేషన్ తగలదా?

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ న్యూట్రాన్లు, గామా కిరణాలు అన్ని వైపులా పోతాయి. రియాక్టర్ చుట్టూ పూర్తిగా షీల్డు కట్టే బరువు ఎవరూ మోయలేరు. కాబట్టి రియాక్టర్‌కూ ట్యాంకుకూ మధ్య ఒకే పలక పెడతారు. గామాకు టంగ్‌స్టన్ లాంటి బరువు లోహం, న్యూట్రాన్లకు లిథియం హైడ్రైడ్, బోరాన్ కార్బైడ్. ఆ పలక వెనక శంకువు ఆకారంలో నీడ పడుతుంది. సిబ్బంది గది, డాకింగ్‌కు వచ్చే నౌక, బయట నడిచే వ్యోమగామి, అంతా ఆ నీడలోనే ఉండాలి. నీడ బయటికి పొడుచుకొచ్చిన సౌర ఫలకం కూడా రేడియేషన్‌ను చెదరగొట్టి గది మీదికి పంపగలదు.

మధ్యలో ఉన్న హైడ్రోజన్ ట్యాంకు కూడా మంచి షీల్డే. కానీ ఇంజిన్ నడుస్తున్న కొద్దీ అది ఖాళీ అవుతుంది. సిబ్బందికి తగిలే మోతాదులో ఎక్కువ భాగం ప్రతి తోపు చివరి నిమిషాల్లోనే వస్తుంది. అందుకే చివరి ట్యాంకులో కొంత హైడ్రోజన్ మిగిలి ఉండేలా క్రమం వేసుకుంటారు. ఇంజిన్ ఆపాక న్యూట్రాన్లు ఆగిపోతాయి, గామా మాత్రం రోజుల తరబడి ఉంటుంది. పక్క నుంచి ఇంజిన్ దగ్గరికి వెళ్లడం కుదరదు.

మరి కాస్మిక్ కిరణాలు?

సిబ్బంది ఆరోగ్యం లెక్కలో పెద్ద అంకె అదే. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్తున్న దారిలో దాని పరికరం రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలమానం) కొలిచింది. వెళ్లడానికి 180 రోజులు, రావడానికి 180 రోజులు వేసుకుంటే 650 మిల్లీసీవర్ట్‌లు. నాసా ఒక వ్యోమగామికి వృత్తి జీవితం మొత్తానికి పెట్టుకున్న పరిమితి 600. ప్రయాణాన్ని ఒక్కో వైపు 120 రోజులకు తగ్గిస్తే 430కి దిగుతుంది.

అలాగని దాన్నే పూర్తి జవాబుగా చూపడం సరికాదు. అంగారకుడి నేల మీద కూడా రోజుకు 0.65 మిల్లీసీవర్ట్‌ల దాకా తగులుతుంది. దారిలో మిగిల్చుకున్న రోజులను అక్కడ 500 రోజులు కూర్చుని ఖర్చుపెడితే మొత్తం మళ్లీ పరిమితి దాటుతుంది. నేల మీద మట్టి కప్పిన నివాసం ఉంటేనే ఇంజిన్ వేగం వల్ల వచ్చిన లాభం చేతిలో మిగులుతుంది.

45 రోజుల్లో అంగారకుడికి వెళ్లొచ్చని విన్నాం. నిజమేనా?

ఇక్కడ వివరించిన ఇంజిన్లతో కాదు. 900 సెకన్ల ఇంజిన్ పనికొచ్చే దారులు రెండు: అదే ఆరు నెలల ప్రయాణాన్ని తక్కువ బరువుతో చేయడం, లేదా అదే బరువుతో కొన్ని వారాలు, మహా అయితే రెండు నెలలు తగ్గించుకోవడం. మూడో లాభం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ మనుషుల యాత్రకు అదే ముఖ్యమని మా నమ్మకం: బయలుదేరే తేదీల్లో వెసులుబాటు పెరుగుతుంది, బయలుదేరిన కొద్ది రోజుల్లో ఏదైనా చెడితే వెనక్కి తిరగడానికి ప్రొపెల్లెంట్ మిగులుతుంది.

మధ్య దారిలో ఒక ఇంజిన్ చెడిపోతే?

మూడు పెట్టేది అందుకే. మిగిలిన రెండూ ఒకటిన్నర రెట్లు ఎక్కువసేపు మండి పని పూర్తిచేస్తాయి. చిక్కు ఏమిటంటే చెడిన రియాక్టర్‌ను పూర్తిగా వదిలేయలేం. దాని మిగులు వేడిని హైడ్రోజన్‌తో చల్లార్చాలి. పక్క రియాక్టర్ల నుంచి న్యూట్రాన్లు కూడా దానిలోకి వస్తుంటాయి కాబట్టి డ్రమ్ములు మూసుకున్న స్థితిలో గట్టిగా నిలవాలి. చల్లార్పు గొట్టం ప్రధాన పంపు మీద ఆధారపడకుండా, ట్యాంకు ఒత్తిడితోనే పారేలా ఉండాలి.

భూమి మీంచే అణు ఇంజిన్‌తో ఎందుకు లేవరు?

తన బరువుకు 3 రెట్లు, 4 రెట్లు మాత్రమే థ్రస్ట్ ఇస్తుంది. ఎగువ దశల రసాయన ఇంజిన్లు కూడా 35 రెట్లు దాటిస్తాయి. దానికి తోడు గాలి రేడియేషన్‌ను చెదరగొట్టి నీడ షీల్డును పనికిరాకుండా చేస్తుంది, ప్రమాదం జరిగితే నడిచిన రియాక్టర్ జనం మీద పడుతుంది. పైకి మోసే పని మామూలు రాకెట్లదే.

ప్రయోగ సమయంలో రాకెట్ పేలితే అణు ప్రమాదం జరుగుతుందా?

నడవని రియాక్టర్‌లోని యురేనియం చాలా తక్కువ రేడియోధార్మికమైనది. యురేనియం-235 అర్ధాయువు 70 కోట్ల సంవత్సరాలు. ప్రమాదకరమైన విచ్ఛిత్తి వ్యర్థాలన్నీ రియాక్టర్ నడిచాకే పుడతాయి. అందుకే 1992 నాటి ఐక్యరాజ్యసమితి సూత్రాలు రియాక్టర్‌ను తన కక్ష్యకో గ్రహాంతర మార్గానికో చేరకముందు క్రిటికల్ చేయకూడదని చెబుతాయి.

నిజంగా జాగ్రత్తపడాల్సింది సముద్రంలో పడే సందర్భం. కడ్డీల రంధ్రాల్లోకి నీళ్లు చేరితే నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్లను నెమ్మదింపజేసి, డ్రమ్ములు మూసి ఉన్నా చర్యను మొదలుపెట్టగలదు. దీనికి విరుగుడుగా రంధ్రాల్లో న్యూట్రాన్లను మింగే తీగలు పెట్టి పంపి, కక్ష్యలో వాటిని బయటికి లాగేయాలన్న ఆలోచన నెర్వా రోజుల నుంచే ఉంది. లాగే యంత్రం ఇరుక్కుంటే ఇంజిన్ స్టార్ట్ కాదు. అయినా ఆ వైపు తప్పు జరగడమే మేలు.

నడిచిన రియాక్టర్ భూమి మీద పడిన సందర్భం ఉందా?

ఉంది. 1978 జనవరి 24న సోవియట్ నిఘా ఉపగ్రహం కాస్మోస్-954 తన రియాక్టర్‌తో సహా కెనడా ఉత్తర ప్రాంతాల మీద ముక్కలుగా రాలింది. ఆ రియాక్టర్‌ను పై కక్ష్యకు విసిరేయాల్సిన ఏర్పాటు పనిచేయలేదు. వెతుకులాట 1,24,000 చదరపు కిలోమీటర్లలో సాగింది. కెనడా 60 లక్షల కెనడియన్ డాలర్లు అడిగితే 1981లో 30 లక్షలకు పరిష్కారం కుదిరింది. అమెరికా 1965 ఏప్రిల్‌లో పంపిన స్నాప్-10ఎ రియాక్టర్ కథ దీనికి భిన్నం. 43 రోజులు నడిచాక వోల్టేజి రెగ్యులేటర్ చెడి ఆగిపోయింది, కానీ 1,300 కిలోమీటర్ల ఎత్తున ఉండటం వల్ల వేల ఏళ్ల దాకా కిందికి రాదు. రియాక్టర్‌ను నడపాల్సిన చోటు ఎత్తైన కక్ష్యే అన్న నియమానికి ఈ రెండు ఉదాహరణలూ చాలు.

బాంబులకు పనికొచ్చే యురేనియమే కావాలా?

నెర్వాలో యురేనియం-235 వాటాను 93 శాతానికి పెంచినది వాడారు. ఇప్పటి డిజైన్లు 20 శాతం లోపే ఉంచుతున్నాయి, కాపలా భారం, అనుమతుల చిక్కులు బాగా తగ్గుతాయి కాబట్టి. దానికి మూల్యం గర్భం లోపల చెల్లించాలి. ఆ వాటా తగ్గితే న్యూట్రాన్లను నెమ్మదింపజేసే పదార్థం ఎక్కువ కావాలి, సాధారణంగా జిర్కోనియం హైడ్రైడ్ ఎంచుకుంటారు. అది 1,000 కెల్విన్ దగ్గరికి వచ్చేసరికే తనలోని హైడ్రోజన్‌ను వదిలేయడం మొదలుపెడుతుంది. దాని పక్కనే కొన్ని మిల్లీమీటర్ల దూరంలో 2,700 కెల్విన్ కడ్డీ ఉంటుంది. మధ్యలో సచ్ఛిద్రమైన జిర్కోనియం కార్బైడ్ గొట్టం పెట్టి, హైడ్రైడ్‌కు విడిగా చల్లటి హైడ్రోజన్ పారిస్తారు. ఆ గొట్టం ఒక్కచోట పగిలితే ఏమవుతుందన్నదే ఈ డిజైన్లను తూచే మొదటి ప్రశ్న.

అణు విద్యుత్ చోదనం ఇంకా మంచిది కదా?

సరుకు మోయడానికి అవును. ఒక మెగావాటు కరెంటు, 3,000 సెకన్ల థ్రస్టర్లు, 60 శాతం సామర్థ్యం అనుకుంటే వచ్చే థ్రస్ట్ 41 న్యూటన్లు. నాలుగు కిలోల రాయి అరచేతిలో వేసే భారమంత. 100 టన్నుల నౌకకు రోజుకు సెకనుకు 35 మీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది, 4 కిలోమీటర్లకు నాలుగు నెలలు దగ్గర పడతాయి. భూకక్ష్య నుంచి సుడి తిరుగుతూ బయటపడాలంటే అసలు కావలసిన వేగం అంతకన్నా ఎక్కువ. మనుషులను ఆ సుడిలో భూమి చుట్టూ ఉండే రేడియేషన్ పట్టీల గుండా నెలల తరబడి తిప్పలేం.

ఇక్కడా వేడిదే రాజ్యం. 30 శాతం సామర్థ్యంతో ఒక మెగావాటు కరెంటు తీస్తే 2.3 మెగావాట్లు పారబోయాలి. 500 కెల్విన్ దగ్గర నడిచే రేడియేటర్‌ను రెండు పక్కలా వాడుకున్నా 380 చదరపు మీటర్లు కావాలి. మడిచి పంపి, కక్ష్యలో విప్పి, లోపల ద్రవం కారకుండా ఏళ్ల తరబడి నడపాలి. థ్రస్టర్లు విసిరే జినాన్ వాయువు మాత్రం పై లెక్కకు 15 టన్నుల లోపే సరిపోతుంది. కానీ ప్రపంచమంతా కలిపి ఏడాదికి తయారుచేసేది కొన్ని పదుల టన్నులే.

నేల మీద పరీక్షించడం ఎందుకు అంత కష్టం?

1960లలో ఎగ్జాస్ట్‌ను ఆకాశంలోకి వదిలేసేవారు. ఇప్పుడు ఏ అనుమతీ రాదు, రాకూడదు కూడా. పూర్తి ఇంజిన్‌ను నడపాలంటే సెకనుకు 12 కిలోల చొప్పున వచ్చే వేడి హైడ్రోజన్‌ను పట్టి, ఆక్సిజన్‌తో మండించి నీటిగా మార్చి, ఆ నీటిని వడకట్టి, మిగిలిన వాయువును ఫిల్టర్ల గుండా పంపాలి. ఆ కట్టడం ఖర్చు ఇంజిన్ ఖర్చుతో పోటీ పడుతుంది. అందుకని ముందు యురేనియం చర్య లేకుండా కరెంటుతో కాచిన వేడి హైడ్రోజన్‌లో ఇంధన నమూనాలను పరీక్షిస్తున్నారు. జనరల్ అటామిక్స్ తన ఇంధనాన్ని ఇలా నాసా మార్షల్ కేంద్రంలో 2,600 కెల్విన్ దాకా ఆరుసార్లు వేడెక్కించి చల్లార్చినట్టు 2025 జనవరిలో ప్రకటించింది.

డ్రాకో ఏమైంది?

డ్రాకో అంటే అణు ఉష్ణ ఇంజిన్‌ను కక్ష్యలో నడిపి చూపించే ప్రదర్శన. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, నాసా కలిసి చేపట్టిన ఈ ప్రయోగానికి 2023 జులైలో లాక్‌హీడ్ మార్టిన్, బీడబ్ల్యూఎక్స్ టెక్నాలజీస్‌ను ఎంచుకున్నారు. 2027లో కక్ష్యలోకి పంపి అక్కడే మొదటిసారి రియాక్టర్‌ను వెలిగించాలన్నది ఆలోచన. 2025లో దాన్ని ఆపేశారు. ప్రయోగ ఖర్చులు తగ్గుతుండటంతో లాభం అంతగా లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. కక్ష్యకు బరువు పంపడం చౌకైతే రసాయన రాకెట్‌కు ఎక్కువ ప్రొపెల్లెంట్ పోసి సరిపెట్టుకోవచ్చన్న వాదన అది. సరుకు విషయంలో ఆ వాదన నిలుస్తుంది. మనుషుల విషయంలో మేం ఒప్పుకోం: చౌక రాకెట్ ప్రొపెల్లెంట్ ఖర్చు తగ్గిస్తుంది, దారి మధ్యలో వెనక్కి తిరిగే అవకాశాన్ని అంత సులువుగా ఇవ్వదు.

హైడ్రోజన్ ఇంత ఇబ్బంది పెడితే నీళ్లో, అమ్మోనియానో వాడకూడదా?

వాడొచ్చు, నిల్వ బాధ పోతుంది. అమ్మోనియా అణువు వేడికి నైట్రోజన్, హైడ్రోజన్‌గా విడిపోవడంతో సగటు అణుభారం 8.5 అవుతుంది, సామర్థ్యం దాదాపు సగానికి పడి మంచి రసాయన ఇంజిన్ దగ్గరికి వచ్చేస్తుంది. నీళ్లది అంతకన్నా తక్కువ, పైగా అంత వేడి ఆవిరి కార్బైడ్ కడ్డీలను ఆక్సీకరించి తినేస్తుంది. మీథేన్ మసి కట్టి రంధ్రాలను పూడుస్తుంది. చంద్రుడి మీదో గ్రహశకలం మీదో దొరికిన మంచును అక్కడికక్కడే నింపుకుని తిరిగే సరుకు నౌకలకు ఇవి పనికిరావచ్చు. భూమి నుంచి మనుషులతో బయలుదేరే నౌకకు హైడ్రోజన్ తప్పదు.